కలుపు మందు, క్యాన్సర్, కోర్టు: ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారు?

2018 ఆగస్టు 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక జ్యూరీ మోన్‌శాంటో కంపెనీ 28.92 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది. బడి ఆవరణల్లో కలుపు మందు కొట్టే జాన్సన్ అనే ఉద్యోగికి లింఫోమా అనే క్యాన్సర్ రావడానికి ఆ కంపెనీ రౌండప్ తరహా మందులు కారణమయ్యాయనీ, ఆ ముప్పు తెలిసీ కంపెనీ హెచ్చరించలేదనీ జ్యూరీ నమ్మింది. ఏడాది తిరక్కుండానే, 2019 ఏప్రిల్‌లో, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ తన పాత మాటనే మళ్లీ చెప్పింది: ఆ మందులోని గ్లైఫోసేట్ మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం లేదు అని. రెండు వార్తలూ చదివినవారికి ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే వాళ్ల ముందున్న ప్రశ్నలే వేరు. వాటిని విడదీసి చూస్తే తప్ప ఈ కేసుల్లో ఏది ఎందుకు నిలబడిందో, ఏది ఎందుకు కొట్టుకుపోయిందో అర్థం కాదు.

ప్రమాదకరమా? ఎంత ప్రమాదం?

గ్లైఫోసేట్ 1974లో రౌండప్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1996లో ఈ మందును తట్టుకునే సోయా విత్తనాలు రావడంతో వాడకం ఒక్కసారిగా పెరిగింది. అంతకుముందు పంట వేయకముందో, గట్ల మీదో కొట్టే మందును ఆ తర్వాత నిలబడి ఉన్న పంట మీదే కొట్టడం మొదలైంది.

2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దీన్ని '2ఏ' జాబితాలో చేర్చింది. అంటే మనుషుల్లో 'బహుశా క్యాన్సర్ కారకం'. ఆ నిర్ణయానికి మూడు ఆధారాలు చూపింది. జంతువులపై చేసిన ప్రయోగాల్లో తగినంత ఆధారం ఉంది. డీఎన్‌ఏ దెబ్బతినడం వంటి శారీరక ప్రక్రియల్లో బలమైన ఆధారం ఉంది. మనుషుల్లో మాత్రం పరిమిత ఆధారమే, అదీ నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రక్త సంబంధ క్యాన్సర్ విషయంలో. దావాలన్నీ ఈ ఒక్క జబ్బు చుట్టూ తిరగడానికి కారణం ఇదే. రొమ్ము, ఊపిరితిత్తులు, మూత్రపిండాల క్యాన్సర్లకు ఈ మందుతో ముడిపెట్టి కోర్టుకు వెళ్లినవారికి నిలబడే నిపుణుల సాక్ష్యం దొరకడం చాలా కష్టం.

ఐఏఆర్‌సీ అడిగే ప్రశ్న: ఈ పదార్థానికి క్యాన్సర్ కలిగించే గుణం ఉందా? ఈపీఏ అడిగే ప్రశ్న: లేబుల్‌పై చెప్పినట్టు వాడితే, జనం మీద పడే మోతాదులో, క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత? పాముకు విషం ఉందా అన్నది ఒకటి, మన చేలో తిరిగేటప్పుడు అది కాటేసే అవకాశమెంత అన్నది మరొకటి. పైగా ఐఏఆర్‌సీ చూసేది బహిరంగంగా ప్రచురితమైన పరిశోధనలనే. ఈపీఏ కంపెనీలు సమర్పించే ప్రయోగ ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, ప్రధానంగా గ్లైఫోసేట్ అనే రసాయనాన్నే పరిశీలిస్తుంది. రైతు పంపులో పోసేది మాత్రం వట్టి గ్లైఫోసేట్ కాదు. ఆకుకు అంటుకుని లోపలికి ఇంకేలా చేసే తడిపే పదార్థాలు అందులో ఉంటాయి. వాటిలో పీఓఈఏ అనే రకాన్ని గ్లైఫోసేట్ మందుల్లో కలపకూడదని యూరప్ 2016లో నిషేధించింది. అదే యూరప్ 2023లో గ్లైఫోసేట్ అనుమతిని 2033 డిసెంబరు దాకా పొడిగించింది. ఈ రెండు నిర్ణయాలకూ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. ఒకటి రసాయనం గురించి, మరొకటి సీసాలోని మిశ్రమం గురించి.

ఈపీఏ మాట కూడా సవాలు లేకుండా లేదు. 2022 జూన్‌లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, 'క్యాన్సర్ అవకాశం లేదు' అన్న నిర్ధారణకు తగిన ఆధారాలు చూపలేదంటూ, 2020 నాటి ఈపీఏ నిర్ణయంలో మానవ ఆరోగ్యానికి సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఈపీఏ ఆ మధ్యంతర నిర్ణయాన్నే ఉపసంహరించుకుంది. అయితే తన అభిప్రాయాన్ని మాత్రం మార్చుకోలేదు.

41 శాతం అంటే ఎంత?

ఈ కేసుల్లో రెండు పక్షాలూ ఊపే అంకెలు రెండు. కంపెనీ చూపేది 2018లో వెలువడిన అమెరికా వ్యవసాయ ఆరోగ్య అధ్యయనం. మందు కొట్టే 54,251 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, వారిలో గ్లైఫోసేట్ వాడిన 44,932 మందిలో మొత్తంమీద లింఫోమా ఎక్కువగా కనబడలేదు. బాధితులు చూపేది 2019లో వచ్చిన సమీకృత విశ్లేషణ. ఆ పెద్ద అధ్యయనాన్ని కూడా కలుపుకుని, ప్రతి పరిశోధనలోనూ మందు అత్యధికంగా తగిలిన వర్గాన్ని మాత్రమే తీసుకుని చూస్తే ముప్పు 41 శాతం ఎక్కువగా తేలింది. తక్కువగా వాడినవారిని, ఎక్కువగా వాడినవారిని కలగలిపి సగటు తీస్తే ముప్పు పలచబడిపోతుందన్నది వారి వాదన. అమెరికా అధ్యయనంలో పేర్లు నమోదైంది 1993–97 మధ్య. వాడకం ఉధృతమైంది ఆ తర్వాతే. ఎవరు ఎంత వాడారన్న లెక్కలో పొరపాట్లు దొర్లే అవకాశం అక్కడ ఉంది.

ఇప్పుడు కోర్టు కొలబద్ద చూడాలి. సివిల్ దావాలో 'సందేహానికి తావులేకుండా' నిరూపించనక్కరలేదు. అవును అనడానికి కాదు అనడం కంటే కాస్త ఎక్కువ మొగ్గు ఉంటే, అంటే 50 శాతం దాటితే, చాలు. 41 శాతం పెరుగుదలను ఈ కొలబద్ద మీద పెట్టి చూడండి. మందు తగలనివారిలో వందమంది రోగులుంటే, అంతే సంఖ్యలో తగిలినవారిలో 141 మంది రోగులు ఉంటారు. ఆ 141లో మందు వల్ల అదనంగా వచ్చినవారు 41 మంది. అంటే వందకు 29. వట్టి ఆ అంకెతో 'నా జబ్బు మందు వల్లే' అంటే 50 గీత దాటదు. ముప్పు రెట్టింపు అయినప్పుడే సగం దాకా వస్తుంది. అందుకే బాధితుల లాయర్లు ఎక్కువ రోజులు వాడినవారిపై జరిగిన పరిశోధనలను ముందుకు తెస్తారు. 2001 నాటి కెనడా పరిశోధనలో ఏడాదికి రెండు రోజుల కంటే ఎక్కువ వాడినవారిలో ముప్పు 2.12 రెట్లు. 2008 నాటి స్వీడన్ పరిశోధనలో మొత్తం పది రోజులు దాటినవారిలో 2.36 రెట్లు. ఇవి చిన్న పరిశోధనలనీ, ఇతర పురుగుమందుల ప్రభావాన్ని పూర్తిగా వేరుచేయలేదనీ కంపెనీ అంటుంది. ఆ విమర్శలో పస లేదని కొట్టిపారేయలేం.

కోర్టు ఈ వాదాన్ని రెండు మెట్లుగా చూస్తుంది. మొదటి మెట్టు: ఈ మందు అసలు ఎవరికైనా ఈ జబ్బు తేగలదా? రెండో మెట్టు: ఈ మనిషికి తెచ్చిందా? ఫెడరల్ కోర్టులో వేలాది కేసుల ముందస్తు విచారణను 2016 అక్టోబరు నుంచి ఒకే జడ్జి, విన్స్ ఛాబ్రియా, చూస్తున్నారు. నిపుణుల సాక్ష్యం శాస్త్రీయ పద్ధతిలో ఉందా లేదా అని ముందుగా వడపోసేది జడ్జే. 2018 జులైలో ఆయన బాధితుల సాక్ష్యం అంత గట్టిగా లేదంటూనే, కొందరు నిపుణులను జ్యూరీ ముందుకు అనుమతించారు. ఆ రోజు ఆయన కాదని ఉంటే, ఫెడరల్ కోర్టులోని కేసులన్నీ అక్కడే ఆగిపోయేవి.

రెండో మెట్టు ఎలా ఉంటుందో హార్డెమన్ కేసు చూపిస్తుంది. బాధితుడు 1986 నుంచి 2012 వరకు సొంత భూమిలో రౌండప్ కొట్టారు, 2015లో లింఫోమా తేలింది. ఆయనకు గతంలో హెపటైటిస్ సి ఉంది. ఆ వైరస్ కూడా లింఫోమాకు తెలిసిన కారణమే. కంపెనీ రక్షణ అంతా దాని మీదే నడిచింది. బాధితుడి నిపుణులు ఇచ్చిన జవాబు: వైరస్‌కు 2005–06లోనే చికిత్స పూర్తయింది, జబ్బు వచ్చింది దాదాపు పదేళ్ల తర్వాత. జడ్జి విచారణను రెండు భాగాలు చేసి, కంపెనీ నడవడి గురించి ఒక్క మాట వినకముందే కారణం సంగతి తేల్చమన్నారు. ఆ దశలోనే జ్యూరీ ఏకగ్రీవంగా బాధితుడి పక్షాన నిలిచింది. ఈ కేసులో నన్నడిగితే అన్నిటికంటే బరువున్న సంగతి అదే. తర్వాత వచ్చిన 8 కోట్ల డాలర్లు, దాన్ని 2.53 కోట్లకు తగ్గించడం కాదు.

అంత పెద్ద మొత్తాలు ఎక్కడివి?

జాన్సన్ కేసులో 28.92 కోట్లలో వైద్యం, ఆదాయ నష్టం, బాధ వగైరాలకు ఇచ్చింది 3.92 కోట్లే. మిగిలిన 25 కోట్లు శిక్షగా వేసినవి. ఇవి రోగి నష్టాన్ని బట్టి కాదు, కంపెనీ తీరును బట్టి పడతాయి. విచారణల్లో బయటపడ్డ అంతర్గత ఈమెయిళ్లు ఇక్కడ పనిచేశాయి. తయారైన మందు మిశ్రమం మీద తగిన పరీక్షలు చేయలేదని కంపెనీ శాస్త్రవేత్తలే రాసుకున్నారు; స్వతంత్ర శాస్త్రవేత్తల పేరిట వచ్చే వ్యాసాల రాతలో కంపెనీ చేయి ఉండటం గురించీ రాసుకున్నారు. ఏళ్ల తరబడి ఈ మందు సురక్షితమని చెప్పడానికి ఉదహరించిన 2000 నాటి ఒక సమీక్షా వ్యాసాన్ని ఆ పత్రిక 2025 చివర్లో వెనక్కి తీసుకుంది.

శిక్షా పరిహారం అసలు నష్టానికి సాధారణంగా పది రెట్ల లోపే ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. అందుకే మొదటి రోజు పతాక శీర్షికల్లో కనిపించే భారీ మొత్తం చాలాసార్లు పూర్తిగా చేతికి అందదు. జాన్సన్ కేసులో 28.92 కోట్లు మొదట 7.85 కోట్లకు, అప్పీలులో 2.05 కోట్లకు దిగింది. 2019 మేలో ఓక్లండ్ జ్యూరీ ఒక దంపతులకు ప్రకటించిన 205 కోట్లు 8.67 కోట్లయింది. 2021 తర్వాత జ్యూరీల ముందు కంపెనీ గెలిచిన కేసులూ చాలా ఉన్నాయి. అవి వార్తల్లో పెద్దగా కనబడవు.

మోన్‌శాంటోను 2018 జూన్‌లో 6,300 కోట్ల డాలర్లకు కొన్న జర్మన్ కంపెనీ బేయర్, 2020లో సుమారు 1,090 కోట్ల డాలర్ల వరకు రాజీ ప్రకటించింది. దాంతో లక్షకు దగ్గరగా కేసులు సర్దుబాటు దారిలో పడ్డాయి. భవిష్యత్తులో జబ్బు పడేవారిని కూడా కట్టిపడేసే భాగాన్ని మాత్రం 2021 మేలో జడ్జి ఛాబ్రియా ఒప్పుకోలేదు. ఇంకా జబ్బే రాని మనిషి హక్కును ముందే వదులుకున్నట్టు ఎలా లెక్కిస్తారన్నది అక్కడి చిక్కు. 2026 ఫిబ్రవరిలో మిస్సోరీ కోర్టు ముందు 725 కోట్ల డాలర్ల వరకు మరో ప్రతిపాదన పెట్టారు.

లేబుల్ చట్టం

పురుగుమందుల లేబుళ్ల విషయంలో ఫెడరల్ చట్టం చెప్పినదానికి అదనంగాగానీ భిన్నంగాగానీ రాష్ట్రాలు ఏదీ కోరకూడదని అమెరికా చట్టంలో ఉంది. క్యాన్సర్ హెచ్చరిక లేని లేబుల్‌ను ఈపీఏ ఆమోదించింది. పైగా 2019 ఆగస్టులో, గ్లైఫోసేట్ మీద అలాంటి హెచ్చరిక పెడితే ఆమోదించబోమని చెప్పింది. అలాంటప్పుడు హెచ్చరించలేదని రాష్ట్ర చట్టం కింద మమ్మల్ని ఎలా శిక్షిస్తారన్నది కంపెనీ వాదన. దీనికి ఎదురు వాదన 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి వస్తుంది. టెక్సాస్ వేరుసెనగ రైతులు వేసిన ఆ కేసులో, తప్పుదోవ పట్టించే లేబుల్ ఉండకూడదని ఫెడరల్ చట్టమే అంటోంది కాబట్టి రాష్ట్ర చట్టం కూడా అదే కోరితే తప్పులేదని కోర్టు చెప్పింది.

అప్పీళ్ల కోర్టులు ఇక్కడ చీలిపోయాయి. తొమ్మిదో, పదకొండో సర్క్యూట్లు బాధితుల వైపు, 2024 ఆగస్టులో మూడో సర్క్యూట్ కంపెనీ వైపు. సెయింట్ లూయిస్‌లో 2023లో 12.5 లక్షల డాలర్లు గెలిచిన డర్నెల్ కేసును సుప్రీంకోర్టు 2026 జనవరిలో విచారణకు తీసుకుంది. ఆ కేసులో ప్రశ్న సూటిగా ఉంది: అక్కడ జ్యూరీ మిగతా ఆరోపణలన్నీ తోసిపుచ్చి, 'హెచ్చరించలేదు' అన్న ఒక్కదాన్నే ఒప్పుకుంది. ఉత్పత్తి రూపకల్పనలోనే లోపముందన్న వాదన వేరు, హెచ్చరిక లోపమన్న వాదన వేరు. లేబుల్ చట్టం తాకేది ప్రధానంగా రెండోదాన్ని. ఈలోగా నార్త్ డకోటా, జార్జియా రాష్ట్రాలు 2025లో ఫెడరల్ లేబుల్ ఉంటే చాలన్న తరహాలో కంపెనీలకు అనుకూలంగా చట్టాలు చేసుకున్నాయి.

కాగితాలు, తేదీలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో ఇంటి పచ్చిక మీద రౌండప్ కొట్టినవారు తక్కువేమీ కాదు. వారికి ముందుగా చెప్పాల్సింది సీసా గురించి. 2023 నుంచి బేయర్ అక్కడ ఇళ్లకోసం అమ్మే రౌండప్‌లో గ్లైఫోసేట్ తీసేసి ట్రైక్లోపైర్, డైక్వాట్ వంటివి కలుపుతోంది. పేరు అదే, మందు వేరు. కాబట్టి ఏ ఏడాది, ఏ సీసా అన్నది తేల్చకుండా 'రౌండప్ వాడాను' అంటే దానికి విలువ లేదు.

జబ్బు వైపు నుంచి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం బయాప్సీ తాలూకు పాథాలజీ రిపోర్టు. లింఫోమా అని రాస్తే చాలదు. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్, ఫాలిక్యులర్, సీఎల్ఎల్, జాన్సన్ కేసులో లాగా చర్మానికి వచ్చే మైకోసిస్ ఫంగాయిడ్స్, ఇలా ఏ రకమో, ఏ తేదీన తేలిందో అందులో ఉండాలి. హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ, అవయవ మార్పిడి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, కుటుంబంలో ఎవరికైనా రక్త క్యాన్సర్ వంటివి ముందే లాయరుకు చెప్పాలి. దాచిపెడితే అవతలి లాయరు వైద్య రికార్డుల్లోంచి తీసి జ్యూరీ ముందు పెడతాడు. అప్పుడు పోయేది కేసు మాత్రమే కాదు, మాట మీద నమ్మకం కూడా.

వాడకం వైపు కావలసింది లెక్క: ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏడాదికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, వీపు పంపా లేక బండి ట్యాంకా, చేతి తొడుగులున్నాయా, ఎప్పుడైనా ఒంటిమీద ఒలికిందా. జాన్సన్ కేసులో ఏడాదికి 20 నుంచి 30 సార్లు కొట్టడం, ట్యాంకు గొట్టం ఊడిపోయి ఒళ్లంతా తడవడం, ఈ వివరాలే సాక్ష్యాన్ని నిలబెట్టాయి. రసీదులు లేకపోతే షెడ్డు ఫొటోలు, కార్డు స్టేట్‌మెంట్లు, యజమాని దగ్గరి పిచికారీ రిజిస్టరు, తోటి పనివారి వాంగ్మూలం పనికొస్తాయి.

తేదీ దాటిపోతే కేసే పోతుంది. కాలిఫోర్నియాలో గడువు రెండేళ్లు, మిస్సోరీలో అయిదేళ్లు. జబ్బు తేలిన రోజు నుంచా, దానికి మందు కారణం కావచ్చని తెలిసిన లేదా తెలియాల్సిన రోజు నుంచా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2015 నాటి ఐఏఆర్‌సీ ప్రకటన, 2018 తీర్పు బాగా ప్రచారమయ్యాయి కాబట్టి, 'నాకు ఇన్నాళ్లూ తెలియదు' అనడం ఏటికేడు కష్టమవుతోంది. లాయర్లు సాధారణంగా ముందు ఫీజు అడగరు. వచ్చినదాంట్లో మూడో వంతు నుంచి 40 శాతం తీసుకుంటారు. నిపుణుల ఖర్చులు, వైద్యానికి మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పెట్టిన సొమ్ము కూడా అందులోంచే పోతాయి. సంతకానికి ముందే, ఖర్చులు తీసేది ఫీజుకు ముందా తర్వాతా అని అడిగి రాయించుకోవాలి. టీవీ ప్రకటన చూసి ఫోన్ చేస్తే అవతల ఉన్నది చాలాసార్లు లాయరు కాదు, పేర్లు సేకరించి లాయర్లకు అమ్మే సంస్థ.

మన పొలాల సంగతి

గ్లైఫోసేట్‌కు మన దేశంలో అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని నేలకు. 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మకాలపై ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం, లైసెన్సున్న తెగులు నియంత్రణ నిర్వాహకులు తప్ప ఇతరులు దీన్ని వాడకూడదని ప్రకటించింది. అయినా కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని హెచ్‌టీ పత్తి, రైతుల వాడుకలో బీజీ-3, సాగవుతున్న చోటల్లా ఈ మందు నిలబడిన పత్తి మీదే పడుతోంది. కొట్టేది ఎక్కువగా కూలీలు, తొడుగుల్లేకుండా.

డబ్బా మీది రంగు త్రికోణం చూసి చాలామంది మోసపోతారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు చెప్పేది ఆ మందు మింగితేనో ఒంటికి తగిలితేనో వెంటనే ప్రాణానికి ఎంత ముప్పు అన్నది మాత్రమే. పదేళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ గురించి ఆ త్రికోణం ఏమీ చెప్పదు.

ఇక్కడి బాధితుడు అమెరికా కోర్టుకు వెళ్లగలడా అని అడుగుతుంటారు. భోపాల్ కేసులో 1986లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి, ఇది భారత కోర్టుల్లో తేలాల్సిన వ్యవహారమని తిప్పి పంపారు. ఇక్కడ తగిలిన మందు, ఇక్కడ వచ్చిన జబ్బుకు అదే అడ్డం వస్తుంది. మనకున్న దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఆరో అధ్యాయంలో ఉత్పత్తి బాధ్యత ఉంది; తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారు పరిహారం ఇవ్వాలని 84వ సెక్షన్ అంటుంది. రైతు వ్యాపారి కాదు, వినియోగదారుడే అని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పోరాటం చేసింది ఆంధ్రప్రదేశ్ రైతులే. కొన్నవారి అనుమతితో వాడినవారు కూడా వినియోగదారు నిర్వచనంలోకి వస్తారు కాబట్టి, కొట్టిన కూలీకి కూడా తలుపు మూసుకుపోలేదు.

చిక్కులు మూడు. మొదటిది బిల్లు: అనుమతి లేని వాడకానికి అమ్మే డబ్బాకు దుకాణదారు బిల్లు ఇవ్వడు, బ్యాచ్ నంబరున్న ఖాళీ డబ్బా ఉన్నా కొంత నయం. రెండోది 87వ సెక్షన్: ఉత్పత్తిని దుర్వినియోగం చేసి ఉంటే అమ్మకందారు మీద ఉత్పత్తి బాధ్యత దావా నడవదు. లేబుల్‌లో లేని పత్తి మీద కొట్టినప్పుడు ఎదురయ్యే మొదటి అభ్యంతరం అదే. తయారీదారూ అదే మాట ఎత్తుకుంటాడు. మూడోది గడువు: కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు, ఆలస్యానికి సరైన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు. ఇక ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సరుకుకు చెల్లించిన ధరను బట్టి. కాబట్టి కోటి రూపాయలు అడిగినా సరే, కొన్న మందు డబ్బాల ఖరీదు 50 లక్షల లోపే కనుక ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే వేయాలి.